రెండో పేరు

ఫోన్ మోగినప్పుడు నా కుడిచెయ్యి లిఫ్టు బ్రేకు మీద, ఎడమచెయ్యి మోటారు చక్రం మీద ఉన్నాయి. కింద మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఒక పెద్దమనిషి ఇరుక్కుని ఉన్నాడు. ఆ భవనంలో లిఫ్టుకు నా వయసుంటుంది. దానికి బుద్ధి పుట్టినప్పుడు నడుస్తుంది, లేనప్పుడు ఆగుతుంది. ఆగినప్పుడల్లా నేను పైన మోటారు గదిలోకి ఎక్కి, బ్రేకు ఎత్తిపట్టుకుని, చక్రం చేత్తో తిప్పుతూ, పెట్టెను కొంచెం కొంచెంగా కిందికి దింపుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా నేను తింటున్న తిండి ఇదే.

"ఏమయ్యా, ఉన్నావా, పోయావా?" కింద నుంచి ఆయన గొంతు. "పైన నాలుగో అంతస్తు నేల కనిపిస్తోంది. తలుపు లాక్కుని ఎక్కేస్తాను."

"ఎక్కకండి సార్. తలుపు ముట్టుకోకండి. కింద కూర్చోండి. నేను దింపుతున్నాను."

"పావుగంట నుంచి ఇదే మాట చెబుతున్నావు."

"ఇంకో పావుగంటైనా ఇదే చెబుతాను. కూర్చోండి."

నేను చూసినంతలో లిఫ్టులో ఇరుక్కున్నందుకు ఎవరికీ ఏమీ కాలేదు. గాలి ఆడుతుంది, తాళ్ళు గట్టివి. దెబ్బలు తగిలేదల్లా తొందరపడి తలుపు లాక్కుని, సగం పైకి పాకినవాళ్ళకే. మనిషి సగం బయట, సగం లోపల ఉండగా పెట్టె కదిలిందంటే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటిది ఒకటి నా కళ్ళారా చూశాను. అందుకే ఇరుక్కున్నవాడు కలెక్టరైనా కూరగాయలమ్మేవాడైనా నేను చెప్పే మొదటి మాట అదే, చివరి మాటా అదే.

ఫోన్ ఆగి, మళ్ళీ మోగింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఆ మోత వేరని. ఆసుపత్రి నంబరుకు ఒక్కదానికే ఆ మోత పెట్టుకున్నాను. ఆరేళ్ళలో దాన్ని రెండుసార్లే విన్నాను.

మా ఆవిడకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి ఆరేళ్ళు. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, యంత్రం పక్కన పడుకోబెట్టి రక్తం కడుగుతారు. నా కిడ్నీ ఇస్తానన్నాను, కలవలేదు. వాళ్ళన్నయ్యది కలిసింది గానీ ఆయనకు షుగరు ఉందని వద్దన్నారు. ఇక మిగిలింది జాబితా. ఎక్కడో ఎవరో పోయి, ఇవ్వడానికి వాళ్ళ ఇంటివాళ్ళు ఒప్పుకుని, అది ఈమెకు సరిపోయేలా ఉంటే ఫోన్ చేస్తారు. అరగంటలో ఎత్తకపోతే తరవాతి పేరుకు వెళ్ళిపోతారు. మా ఆవిడ ఫోన్ ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు కాబట్టి నా నంబరు ఇచ్చాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను. ఆరేళ్ళుగా స్నానానికి వెళ్ళినా ఫోన్ సబ్బుపెట్టె పక్కన పెట్టుకుని వెళ్తున్నాను, చివరికి అది నా రెండు చేతులూ ఖాళీగా లేనప్పుడే మోగింది.

బ్రేకు వదిలితే ప్రమాదమేమీ లేదు. పెట్టె ఉన్నచోటే ఆగిపోతుంది. కానీ పెట్టె ఆగితే ఆయన ఆగడు. అప్పటికే తలుపు గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"సార్, చెయ్యి తియ్యండి," అన్నాను. "మీకు దణ్ణం పెడతాను, చెయ్యి తియ్యండి. దిగుతోంది చూడండి."

చక్రం తిప్పుతూనే ఉన్నాను. ఫోన్ ఆగిపోయింది. మనసులో దేవుణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నీకు వేరే వేళ దొరకలేదా, ఆరేళ్ళు నిద్రపోయి ఇప్పుడే లేచావా అన్నది వాటిలో కాస్త మర్యాదైనది. పెట్టె మూడో అంతస్తు నేలకు సమంగా వచ్చి తలుపు తెరుచుకునేసరికి ఫోన్ మొదట మోగినప్పటి నుంచి పదకొండు నిమిషాలైంది. ఆ పెద్దమనిషి బయటికొచ్చి, "రేపట్నుంచి మెట్లే నయం," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నేను గ్రీజు చేతులతోనే ఫోన్ నొక్కాను.

"ఎక్కడున్నారండీ? ఇంకొంచెం ఆగి తరవాతి పేరుకు వెళ్దామనుకుంటున్నాం," అంది జాబితా మేడమ్. ఆవిడ అసలు పదవికి ఒక పెద్ద పేరుంది. మా ఇంట్లో మాత్రం జాబితా మేడమే. "మీ ఆవిడది రెండో పేరు. మొదటి ఆయనను కూడా రమ్మన్నాం. ఇద్దరి రక్తమూ ఆ కిడ్నీతో కలిపి చూస్తాం. ఆయనకు కలవకపోతే మీ ఆవిడకు. ఇప్పట్నుంచి ఆమె ఏమీ తినకూడదు, తాగకూడదు. తెలుసుగా."

తెలుసు. ఇది మూడోసారి.

మొదటిసారి కూడా రెండో పేరే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, మొదటి ఆయనకు కలిసింది, ఇక మీరు వెళ్ళొచ్చన్నారు. రెండోసారి ఆమెదే మొదటి పేరు. అన్నీ కలిశాయి. స్ట్రెచర్ ఎక్కించే ముందు జ్వరం చూశారు. నూటొకటి. చేతికందింది నోటికి అందలేదు. ఆమె బదులు రెండో పేరు ఉన్నావిడను తీసుకెళ్ళారు. ఆవిడ భర్త నా ముందు నుంచి తల దించుకుని, గోడవారగా, దొంగలా నడిచి వెళ్ళడం నాకింకా గుర్తుంది. మా ఆవిడ ఆయనను పిలిచి మరీ, "అన్నయ్యా, ధైర్యంగా ఉండండి, అంతా బాగవుతుంది," అంది. ఇంటికొచ్చాక నేను ప్లేటు గోడకేసి కొట్టాను. ఆమె ముక్కలు ఏరింది.

ఆ రోజు నేను ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని నా పని చొక్కాకు గుండీ కుడుతోంది. నా మొహం చూడగానే దారం కొరికి తెంపి, సూది డబ్బాలో పెట్టి, "ఎన్నో పేరు?" అంది.

"రెండు."

"సరే. ఒక్క నిమిషం, దేవుడికి ఒక మాట చెప్పి వస్తాను."

"ఆయనకు తెలియదా? ఇదంతా ఆయన నిర్వాకమేగా."

"ఆయనకు తెలుసు లెండి. చెప్పకుండా వెళ్తే నాకే బాగుండదు." లోపలి గదిలోకి వెళ్ళి, నిజంగా ఒక్క నిమిషంలో వచ్చింది. తలుపు వెనక సంచి మూడేళ్ళుగా సర్దే ఉంది. వెళ్తూ వెళ్తూ తన నీళ్ళ సీసా తీసుకుంది, మళ్ళీ ఈరోజు అక్కర్లేదని గుర్తొచ్చి బల్ల మీద పెట్టేసింది. రోజుకు అర లీటరే తాగాలి ఆమె. సీసా మీద నేనే గీతలు గీశాను, పొద్దుటికి ఇంత, మధ్యాహ్నానికి ఇంత అని. ఎండల్లో ఆమె నోట్లో ఐసుముక్క వేసుకుని చప్పరిస్తుంటే, నేను వంటింట్లో తలుపు చాటున గ్లాసుడు నీళ్ళు తాగి మూతి తుడుచుకుని బయటికొస్తాను. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఎన్నడూ అనలేదు.

టాక్సీలో నా మోకాలు ఆగకుండా కదులుతుంటే దాని మీద చెయ్యి వేసింది. "పొద్దున ఎవరైనా ఇరుక్కున్నారా?"

"ఒకాయన. పావుగంటకే తలుపు విరగ్గొట్టబోయాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను. కూర్చోండి, తలుపు ముట్టుకోకండి, నేను దింపుతున్నాను."

"విన్నాడా?"

"చచ్చీ చెడీ విన్నాడు."

"మరి మీకెవరైనా ఆ మాట చెబితే వినరేం?" అంది నవ్వుతూ.

"నేను లిఫ్టులో ఉన్నవాడికి జవాబు చెబుతాను. మీ ఆయన ఆరేళ్ళుగా ఉలకడు, పలకడు." మీ ఆయనంటే దేవుడు. మా ఇంట్లో దేవుడు ఆమె తరఫు చుట్టం. "అక్కడ అసలు ఎవరైనా ఉన్నారో, మోటారు గదికి తాళం వేసుకుని పోయారో."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "పొద్దున ఎవరో పోయారండీ," అంది. "వాళ్ళింట్లో ఇప్పుడెలా ఉంటుందో. దేవుడికి ముందు వాళ్ళ కోసమే చెప్పాను." నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గేసింది.

ఆసుపత్రిలో నాలుగో అంతస్తు వరండాలో ఒక పొడుగు బల్ల. అప్పటికే మొదటి పేరువాళ్ళు కూర్చుని ఉన్నారు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో ఆ అబ్బాయికి. బళ్ళో లెక్కల మాస్టారు. చొక్కా జేబులో ఎర్ర పెన్ను, ఒళ్ళో దిద్దాల్సిన కాగితాల కట్ట. పక్కన వాళ్ళమ్మ, చిన్న మనిషి, చేతిసంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని కూర్చుంది. ఆ అబ్బాయి ఎడమచేతి మీద మా ఆవిడకు ఉన్నట్టే ఉబ్బిన నరం ఉంది. డయాలిసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి నరాలు కలుపుతారు, అక్కడ చెవి పెడితే రక్తం గుయ్‌మని పారడం వినిపిస్తుంది. నేను రోజూ పొద్దున మోటారు చప్పుడు విన్నట్టు మా ఆవిడ చేతికి చెవి పెట్టి వింటాను. ఆ చప్పుడు ఆగిందంటే కొంప మునిగినట్టే.

ఇద్దరి దగ్గరా రక్తం తీసుకున్నారు. ఫలితం రావడానికి నాలుగైదు గంటలన్నారు. మా ఆవిడ వెళ్ళి ఆ పెద్దావిడ పక్కనే కూర్చుంది. నేను కాలుగాలిన పిల్లిలా ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతున్నాను.

"మీకు మొదటిసారా అమ్మా?" అని అడిగింది మా ఆవిడ.

"మొదటిసారే. నాలుగేళ్ళు చూశాం." పెద్దావిడ గొంతు తగ్గించింది గానీ నాకు వినిపించింది. "ఏమీ అనుకోకమ్మాయ్. మావాడికి రావాలని దణ్ణం పెట్టుకుంటుంటే, నీకు రాకూడదని పెట్టుకున్నట్టవుతోంది. ఎలా పెట్టుకోవాలో తెలియడం లేదు."

"నేను ఇద్దరి సంగతీ చెప్పానమ్మా. ఎవరికివ్వాలో ఆయనే చూసుకుంటాడు. మనం తీర్పు చెప్పక్కర్లేదు."

ఆ మాట మా ఆవిడ మర్యాదకు అన్నది కాదు. ఆమె అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. అవి మామూలుగానే ఉన్నాయి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. దాచడమెందుకు, నేను ఆ వరండాలో తిరుగుతూ ఆ అబ్బాయికి కలవకూడదని కోరుకున్నాను. అతని మొహం చూస్తూనే కోరుకున్నాను. అతను నన్ను చూసి, "కూర్చోండి బాబాయ్, మీరు తిరిగితే రిపోర్టు తొందరగా రాదు," అని జరిగి చోటిచ్చాడు. కూర్చోలేకపోయాను.

ఒంటిగంటకు మా ఆవిడను డయాలిసిస్ గదిలోకి తీసుకెళ్ళారు. ఆపరేషన్ అయినా కాకపోయినా ఆ రోజు ఆమెకు రక్తం కడగాల్సిన రోజే. నేనూ వెంట వెళ్ళి పక్కన కుర్చీలో కూర్చున్నాను. యంత్రం తిరుగుతోంది. గోడ గడియారం కూడా తిరుగుతోందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

"ఆలస్యం అమృతం విషం అన్నారు," అన్నాను.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు."

"అన్నవాడికి కిడ్నీలు బాగుండి ఉంటాయి."

ఆమె నవ్వింది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. పొద్దుట తొమ్మిది నుంచి ఆమె గొంతులో ఒక చుక్క పడలేదు. కడగడం అవుతున్నకొద్దీ మొహం పాలిపోతుంది, చేతులు చల్లబడతాయి. అది నాకు ఆరేళ్ళుగా తెలిసిందే. అయినా ఆ రోజు చూడలేకపోయాను.

నాలుగున్నరకు అక్కడి నర్సు వచ్చింది. పిల్ల మంచిది, మమ్మల్ని ఆరేళ్ళుగా ఎరుగును. నా చెవిలో, "మాస్టారి రిపోర్టులన్నీ బాగున్నాయంట అంకుల్. చివరిదొక్కటే రావాలి. అదీ బాగానే ఉంటుందనుకుంటున్నారు," అంది. పాపం, నేను ఆశ పెట్టుకుని దెబ్బ తినకూడదని చెప్పింది.

అయిపోయింది, అనుకున్నాను. మూడోసారీ అంతే. వెంటనే కోపమొచ్చింది. ఈమె పొద్దుటి నుంచి పస్తుండి, పెదాలు పగలగొట్టుకుని, ఎవరి కోసం?

అయిదింటికి యంత్రం ఆపారు. సూదులు తీసి, దూది పెట్టి కట్టారు. అప్పుడు నా చెయ్యి భుజానున్న పనిసంచిలోకి వెళ్ళింది. అది నేను వెళ్ళమంటే వెళ్ళింది కాదు. సూదులు తీయడం, బన్ను చేతికివ్వడం, ఆరేళ్ళుగా మాకు ఒకదాని వెనక ఒకటి. కడిగాక ఆమెకు కళ్ళు తిరుగుతాయి, ఆకలి మంటలా లేస్తుంది. వారానికి మూడు చొప్పున తొమ్మిది వందల బన్నులు తినిపించి ఉంటాను ఈ చేత్తో. ఆ పొద్దున పనికి వెళ్తూ కూడా మామూలుగా ఒకటి కొని సంచిలో వేసుకున్నాను. ఇప్పుడు కాగితం పొట్లంతో సహా తీసి ఆమె చేతిలో పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. ఆ ముక్క కూడా దాచను. గుర్తొచ్చింది, అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆమె బన్ను వైపు చూసి, నా వైపు చూసింది.

"తిను," అన్నాను. "ఇక మనకు రాదు. నర్సు చెప్పింది. మాస్టారికే."

"మేడమ్ చెప్పిందా?"

"మేడమ్ చెప్పేదాకా నువ్వు కళ్ళు తేలేసి పడిపోవాలా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని, ఇక్కడ దేవుడే ఇవ్వడం లేదు. తిను, నా మాట విని."

ఇంతలో బయట కౌంటరులో సంతకం పెట్టాలని నన్ను పిలిచారు. అక్కడ పది నిమిషాలైంది. తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. చేతిలో పొట్లం లేదు. హమ్మయ్య, తింది అనుకున్నాను. కాసేపటికి ఆడవాళ్ళ వార్డులో మంచం ఇచ్చారు. మగవాళ్ళు రాకూడదు. నేను వరండాలోకి వచ్చి, మొదటిసారి ఆ బల్ల మీద కూర్చున్నాను, పెద్దావిడకు ఈ చివర. మాస్టారు కాగితాలు దిద్దడం ఆపి గోడకు తల ఆనించి ఉన్నాడు.

ఆరింటికి అయిదు నిమిషాలుండగా జాబితా మేడమ్ వచ్చింది. నడక చూసే నాకు తెలిసిపోయింది. మంచి వార్త తెచ్చే మనిషి అంత మెల్లగా నడవదు. మాస్టారి ముందు నిలబడి కాదు, పక్కన కూర్చుని చెప్పింది. చివరి పరీక్షలో కలవలేదు. అతని రక్తం ఆ కిడ్నీని ఒప్పుకోవడం లేదు. పెడితే నిమిషాల్లో పాడైపోతుంది.

అతను రెండుసార్లు తల ఊపాడు. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పాడో చూసేవాడిలా రిపోర్టు తీసుకుని చివరిదాకా చదివాడు. వాళ్ళమ్మ చేతిసంచిని ఇంకా గట్టిగా అదుముకుంది.

పొద్దుటి నుంచి నేను కోరుకున్నది అక్షరాలా అదే. అది నా కళ్ళ ముందు జరిగింది. జరిగాక తల కొట్టేసినట్టయింది.

మేడమ్ లేచి నా దగ్గరికి వచ్చింది. "మీ ఆవిడకు కలిసిందండీ. చాలా బాగా కలిసింది. థియేటర్ సిద్ధంగా ఉంది, కిడ్నీ తీసి ఇప్పటికే చాలాసేపైంది, ఇంక ఆలస్యం చేయలేం. ఆవిడ పొద్దుటి నుంచి ఏమీ తినలేదుగా?"

నోరు తెరిచాను.

ఆ ఒక్క క్షణంలో నా బుర్రలో ఎన్ని తిరిగాయో చెప్పలేను. లేదండీ అంటే చాలు. రెండు మాటలు. ఒక్క బన్ను, పిడికెడు కూడా ఉండదు, ఏం చేస్తుంది? కానీ ఏం చేస్తుందో నాకు తెలుసు. మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి లేవకపోవచ్చని. ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలని. నిజం చెబితే కిడ్నీ పోతుంది. అబద్ధం చెబితే మనిషే పోవచ్చు, పోకపోవచ్చు. ఆరేళ్ళు. ఇంకో ఆరేళ్ళు ఆమెకు లేవు, అది డాక్టరు చెప్పకుండానే నాకు తెలుసు. సగం పైకి పాకినవాడిలా ఉన్నాను. పైకీ పోలేను, కిందికీ దిగలేను.

దేవుణ్ణి ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనో తిడుతూనో ఉండేవాణ్ణి. అప్పుడు ఏమీ అడగలేదు. నావల్ల కాదు, నువ్వు చూసుకో, అన్నాను లోపల. అంతకు మించి మాటలు లేవు.

"బన్ను పెట్టాను," అన్నాను. "అయిదింటికి. నేనే పెట్టాను. ఆమె తప్పు కాదు."

మేడమ్ మొహంలో రక్తం లేదు. "ఏమండీ మీరు," అని ఆగింది. తిట్టి ఉంటే బాగుండేది. "తిన్నారా ఆవిడ?"

"తినే ఉంటుంది."

"తినుంటే రాత్రి పదకొండు దాకా ఆగాలి. అంతసేపు కిడ్నీ ఆగదు. మూడో పేరుకు ఫోన్ చేయాలి." అంటూనే వార్డు తలుపు తోసుకుని లోపలికి దాదాపు పరిగెత్తింది.

తలుపు మూసుకుంది. నేను గోడకు ఆనుకుని, ఆనుకున్నచోటే కిందికి జారి కూర్చున్నాను. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. నా చేతులతో, పొట్లం కట్టి మరీ.

"బన్ను పెట్టావా నాయనా?" అంది పెద్దావిడ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. పిల్లవాడు గ్లాసు పగలగొడితే అడిగినట్టు అడిగింది.

"పెట్టానమ్మా. మీ అబ్బాయికే వస్తుందనుకున్నాను." తరవాతి మాట ఎందుకు వచ్చిందో తెలియదు. "రాకూడదని కూడా కోరుకున్నాను."

ఆవిడ సంచి ఒళ్ళో సర్దుకుని, "నేనూ అంతేలే," అంది.

మాస్టారు తన రిపోర్టులు తీసుకోవడానికి కౌంటరుకు వెళ్ళాడు. వార్డు తలుపు మీద చిన్న గాజు పలక ఉంది. లేచి అందులోంచి చూడబోయాను. లోపల తెర వేసి ఉంది. తలుపు పిడి మీద చెయ్యి వేశాను, తీశాను. నాలుగు నిమిషాలు. ఆరు. లోపల చక్రాల చప్పుడేదో వినిపించి దూరమైంది. మంచం మార్చారో, ఎవరినైనా తీసుకెళ్ళారో. ఏడు నిమిషాలు. మూడో పేరుకు ఫోన్ చేస్తున్నారేమో. ఎవరింట్లోనో ఒక ఫోన్ ప్రత్యేకమైన మోతతో మోగుతోందేమో. మోగనీ, వాళ్ళయినా ఎత్తనీ అనిపించింది. అలా అనిపించినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

తలుపు తెరుచుకుంది. నర్సు. చేతిలో కాగితం పొట్లం.

విప్పని పొట్లం. నేను కట్టించుకొచ్చిన దారం ముడి అలాగే ఉంది.

"ఆంటీని వెనక తలుపు నుంచి థియేటర్‌కు తీసుకెళ్ళిపోయారు అంకుల్," అంది. ఆ పిల్ల కళ్ళు తడిగా ఉన్నాయి. "టైం లేదని ఆగలేదు. ఇది దిండు కింద పెట్టుకుని పడుకున్నారు. మేడమ్ వచ్చి అడిగితే తీసి చూపించారు. మీకివ్వమన్నారు. పస్తుండాల్సింది నేను, ఆయన కాదు, పొద్దుటి నుంచి ఏమీ తినుండడు అన్నారు."

పొట్లం తీసుకున్నాను.

"ఎందుకు తినలేదాంటీ అని అడిగాను. ఇంటికి పొమ్మని ఇంకా ఎవరూ చెప్పలేదుగా అన్నారు. ఇంకోటి కూడా చెప్పమన్నారు, నాకర్థం కాలేదు. తలుపు ముట్టుకోవద్దని ఊరందరికీ చెప్పే మనిషే తలుపు లాగాడని చెప్పమన్నారు. మీకర్థమవుతుందంట."

అర్థమైంది. నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. వరండా మధ్యలో, పాతికేళ్ళ పిల్ల ముందు, గ్రీజు మరకల చొక్కాతో వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గేమీ వేయలేదు.

కాసేపటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. పెద్దావిడ అక్కడే ఉంది. పొట్లం విప్పి బన్ను రెండుగా తుంచి ఒక ముక్క ఆవిడకిచ్చాను. తీసుకుంది గానీ తినలేదు. చేతిరుమాలులో పెట్టుకుని పట్టుకుంది.

"మాకు మళ్ళీ ఫోన్ వస్తుందంటావా నాయనా?"

దేవుడున్నాడమ్మా అని నోటి దాకా వచ్చింది. ఆ మాట నాతో అన్నవాళ్ళ మీద ఆరేళ్ళలో నేనెంత మండిపడ్డానో నాకు తెలుసు. మింగేశాను.

"మా ఆవిడకిది మూడోసారి అమ్మా," అన్నాను.

ఆవిడ ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మావాడికి మొదటిదేగా," అంది.

మాస్టారు రిపోర్టులు మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. వాళ్ళమ్మ రుమాలు విప్పి ఆ సగం బన్ను అతనికి అందించింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు, పొద్దుట తొమ్మిది నుంచి అతనూ ఏమీ తినలేదని, అతని పెదాలూ అలాగే పగిలి ఉన్నాయని. నా చేతిలో ఉన్న సగం కూడా ఇచ్చాను. వద్దనలేదు. నిలబడే, రెండు ముక్కలూ, గుటుకు గుటుకున తిన్నాడు.

"పిన్ని లోపలికి వెళ్ళిందా?" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"వెళ్ళింది."

"ఎంతసేపంట?"

"నాలుగు గంటలన్నారు. మీరు బయల్దేరండి బాబూ, చీకటి పడుతోంది."

అతను వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ చేతిసంచి ఒళ్ళోంచి తీసి, మొదటిసారి, పక్కన బల్ల మీద పెట్టింది. అతను నా ఇవతల కూర్చుని కాగితాల కట్ట ఒళ్ళోకి తీసుకున్నాడు, జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"కూర్చోండి బాబాయ్," అన్నాడు, మళ్ళీ లేవబోతున్న నన్ను చూసి. "ఇంకా ఇరవై ఆరు దిద్దాలి నేను. అయ్యేలోపు వచ్చేస్తుంది పిన్ని."

కూర్చున్నాను. వరండా చివర థియేటర్ తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ తలుపు వైపు చూడకూడదనుకున్నాను గానీ చూస్తూనే ఉన్నాను. లేచి దాని దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.